రెండో క్యాను పాలు ఎటు పోయాయి?

ఎంసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. పరీక్ష పేరు మారినా మా బంధువుల ఇళ్లల్లో అది ఇంకా ఎంసెట్టే. మా పిన్ని చేస్తుంది, చిత్తూరులో మా ఎదురింటి అత్త చేస్తుంది, మా ఆయన ఆఫీసులో పనిచేసే వాళ్లెవరో నంబరు కనుక్కుని మరీ చేస్తారు. ఇదివరకు "ఏ కాలేజీలో ప్లేస్‌మెంట్లు బాగుంటాయి?" అని అడిగేవాళ్లు. ఈ రెండేళ్లుగా అడిగేది వేరు. "సీఎస్ఈలో చేర్చమంటావా అమ్మా? ఏఐ వచ్చేసిందంట కదా, ఇంక ప్రోగ్రామర్లతో పనే ఉండదంట కదా?" ఆ గొంతులో టెన్షన్ నాకు తెలుస్తూనే ఉంటుంది. అప్పు చేసి నాలుగేళ్లు చదివిస్తే, పిల్ల బయటికొచ్చేసరికి ఆ పనే లేకుండా పోతే ఎలా అన్న భయం అది.

ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేక ప్రతిసారీ ఏదో ఒకటి అని పెట్టేస్తున్నాను. అలా పెట్టేసిన ప్రతిసారీ మనసులో ఏదో అడ్డుపడినట్టే ఉంటోంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను 2007లో అమీర్‌పేట వచ్చాను. ఎస్.ఆర్.నగర్‌లో లేడీస్ హాస్టల్, గదికి నలుగురం. మైత్రీవనం వెనక సందుల్లో జావా కోర్సు. పొద్దున ఏడింటి బ్యాచ్‌కి ఆరున్నరకే వెళ్తే గానీ ముందు వరసలో కుర్చీ దొరికేది కాదు. అప్పటి నుంచీ కోడ్ రాసే బతుకుతున్నాను. మొదట పెద్ద కంపెనీల్లో, గత తొమ్మిదేళ్లుగా ఎనిమిది మందిమున్న ఓ చిన్న కంపెనీలో. పల్లెల్లో పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న ఎంత పడింది, పదిహేను రోజులకు ఎంత బిల్లు వచ్చింది, ఆ లెక్కంతా మాది.

అసలు ప్రశ్నకు ముందే బదులు చెప్పేస్తాను. కోడ్ రాయడంలో ఏఐ నన్ను దాటిపోయింది. నా తోటివాళ్లలో చాలామందిని కూడా. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఒప్పుకోకుండా ఏం రాసినా అది నన్ను నేను ఓదార్చుకోవడమే అవుతుంది.

2022 ఫిబ్రవరిలో గూగుల్ వాళ్ల ఏఐ సంస్థ డీప్‌మైండ్, కోడ్ రాసే తన ఏఐ ఆల్ఫాకోడ్‌ను కోడ్‌ఫోర్సెస్ అనే వెబ్‌సైటులో జరిగే ప్రోగ్రామింగ్ పోటీల లెక్కలతో పరీక్షించినప్పుడు, అది పోటీదారుల్లో దాదాపు సగానికి వచ్చి ఆగింది. "సగం మందే కదా" అనుకున్నాం మేమంతా. నాలుగేళ్లు తిరగలేదు. 2025 సెప్టెంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఐసీపీసీ ప్రపంచ ఫైనల్స్ జరిగాయి. ప్రపంచంలోని గొప్ప విశ్వవిద్యాలయాల నుంచి ముగ్గురేసి పిల్లలు జట్లుగా వచ్చి ఆడే ప్రోగ్రామింగ్ పోటీ అది. 12 లెక్కలు, 5 గంటలు. మొదట నిలిచిన జట్టు 11 చేసింది. అవే లెక్కలు, అంతే సమయం ఇస్తే గూగుల్ జెమిని 10 చేసింది, ఓపెన్‌ఏఐ మోడల్ 12కి 12 చేసింది.

దానికి రెండు నెలల ముందు టోక్యోలో ఇంకో పోటీ జరిగింది. ఆట్‌కోడర్ అనే జపాన్ ప్రోగ్రామింగ్ పోటీల సంస్థ ఫైనల్స్‌లో 10 గంటలపాటు ఒకే సమస్య మీద కూర్చునే విభాగం అది. అక్కడ ఒక్కటే సరైన జవాబు అంటూ ఉండదు, ఉన్నంతలో మెరుగైనది వెతుక్కుంటూ పోవాలి. సైహో అనే పేరుతో ఆడే పోలండ్ ప్రోగ్రామర్ మొదట వచ్చాడు, ఓపెన్‌ఏఐ మోడల్ రెండో స్థానంలో నిలిచింది. ఇప్పటికైతే మనుషులే గెలిచారని ఆయన రాసుకున్నాడు. "ఇప్పటికైతే" అన్న మాట ఆయనే పెట్టుకున్నాడు. అది చదివినప్పుడు నాకు గెలిచినవాడి సంబరం కన్నా, కట్ట తెగేలోపు ఇంకో గంట టైముందని తెలిసినవాడి అలసటే ఎక్కువ కనిపించింది.

పోటీ లెక్కలు వేరు, ఆఫీసు పని వేరు అనేవాళ్లున్నారు. నేనూ అనేదాన్నే. దానికీ ఒక కొలత ఉంది. 2023 అక్టోబరులో స్వె-బెంచ్ అని ఒక పరీక్ష తయారు చేశారు. నిజమైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టిన వాటిల్లో, మనుషులు రిపోర్ట్ చేసిన 2,294 సమస్యలు తీసుకుని, వాటిని సరిచేయమని మోడళ్లకు ఇచ్చారు. అప్పట్లో అన్నిటికన్నా బాగా చేసిన మోడల్ 2 శాతం కూడా దాటలేదు. ఆ తర్వాత మనుషులు ఒక్కొక్కటీ చూసి ఏరిన 500 సమస్యల మీద, 2025 నాటికి మోడళ్లు 70 శాతం దాటేశాయి. రెండేళ్లలో. మా చిన్నాన్న అంటుంటాడు, "పెరిగే వాన చూసి గొడుగు వెతుక్కోవాలి గానీ, ఇప్పుడు తడిసింది ఎంతని కొలుచుకోకూడదు" అని.

2025 జులైలో వచ్చిన ఒక అధ్యయనాన్ని నా స్నేహితులు తరచూ చూపిస్తుంటారు. మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లకు, వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చింది. కొన్ని ఏఐతో చేయొచ్చు, కొన్ని ఏఐ లేకుండా చేయాలి. ఏఐ ఉంటే 24 శాతం తొందరగా అవుతుందని వాళ్లు ముందు అనుకున్నారు. చేశాక, 20 శాతం తొందరగా అయిందన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఆలస్యమైంది. ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఆ ఆలస్యం కాదు. పనిముట్లు మారిపోతున్నాయి, ఆ 19 రేపు తలకిందులు కావచ్చు. నన్ను ఆపింది, ఆ పనిలో పండిపోయిన వాళ్లకు కూడా తమకు ఏం జరిగిందో తెలియకపోవడం. ఆలస్యమైన పని తొందరగా అయినట్టు అనిపించింది. ఆ అనిపించడం ఎంత బలంగా ఉంటుందో పోయిన ఏడాది నా పనిలోనే చూశాను. నేను చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది.

పల్లెలో పాల కేంద్రం తెల్లవారుజామున ఐదున్నరకల్లా తెరుస్తారు. వచ్చిన వాళ్లు తమ పుస్తకం నంబరు చెప్తారు. క్యాను కాటా మీద పెడతారు. చిన్న గిన్నెలో కాసిన్ని పాలు తీసి మిషన్ కింద ఉంచితే వెన్న, ఎస్ఎన్ఎఫ్ (పాలల్లో వెన్న, నీళ్లు కాక మిగిలే పదార్థం) ఎంతో చూపిస్తుంది. చీటీ వస్తుంది. ఆ లెక్క మొబైల్ నెట్ ద్వారా మా సర్వర్‌కు చేరుతుంది. పల్లెలో నెట్ సంగతి తెలిసిందే. పోతుంది, వస్తుంది. పోయినప్పుడు మిషన్ అదే ఎంట్రీని మళ్లీ పంపుతుంది. ఒక్కోసారి రెండూ చేరతాయి. అప్పుడు పోసిన పాలు పదైతే లెక్కలో ఇరవై పడతాయి. అలా రెండోసారి పడిన వాటిని తీసేసే కోడ్ ఒకటి మా దగ్గర మొదటి నుంచీ ఉంది.

కొత్త మిషన్లు వచ్చాక ఆ కోడ్ సరిగా పనిచేయడం మానేసింది. డెయిరీ వాళ్లు ఫిర్యాదు చేశారు. తెరిచి చూస్తే నలభై లైన్లు, చిక్కుముడులు. లీటర్లు పోల్చడం, వెన్న పోల్చడం, రెండు ఎంట్రీల మధ్య నిమిషాలు లెక్కపెట్టడం, ఆ పైన ఇంకేవో మినహాయింపులు. ఎందుకో ఎక్కడా ఒక్క మాట రాసి లేదు. అది రాసినతను ఎప్పుడో మానేశాడు.

ఏఐకి ఇచ్చాను. "ఒకే పూట ఒకే సభ్యురాలికి డూప్లికేట్ ఎంట్రీలు పడుతున్నాయి, సరిచెయ్యి" అని తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాశాను. అది చక్కగా అర్థం చేసుకుంది. నలభై లైన్లు తీసి నాలుగు లైన్లు పెట్టింది. తేదీ, పూట, సభ్యురాలి నంబరు, మూడూ ఒకటే అయితే ఒక్క ఎంట్రీ ఉంచి మిగతావి వదిలెయ్యి. ఎందుకలా మార్చిందో వివరంగా రాసింది. కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే 14 టెస్టులు కూడా రాసింది. అన్నీ పాసయ్యాయి. నేను ప్రతి లైనూ చదివాను. కడిగిన పళ్లెంలా ఉంది. సరేనన్నాను.

పదిహేను రోజుల తర్వాత చిత్తూరు జిల్లాలో ఒక కేంద్రం నుంచి ఫోన్. కార్యదర్శి మాట్లాడి, "ఈమె నా మాట వినడం లేదు మేడం, మీరే చెప్పండి" అని ఒక పెద్దావిడకు ఫోన్ ఇచ్చాడు.

"అమ్మా, నా రెండో క్యాను పాలు యాడికి బోయినాయి?"

కంప్యూటర్‌లో చూశాను. ఆమె నంబరు మీద పూటకు ఒక్కటే ఎంట్రీ ఉంది. "రెండో క్యాను లేదు కదమ్మా, సిస్టమ్‌లో ఒకటే చూపిస్తోంది" అన్నాను.

ఆవిడ గొంతు పెంచలేదు. "మీ సిస్టమ్‌లో లేదేమో. మా గోడ మింద ఉండాది. బొగ్గుతో గీతలు పెట్టినా. ముప్పై గీతలు. వచ్చి ఎంచుకో."

చీటీలు ఎక్కడో పోయాయి. ఇంట్లో పిల్లలున్నారు, కాగితం నిలవదు. ఆవిడ దగ్గరున్నది గోడ మీద గీతలే. వాళ్ల అత్త కాలం నుంచీ ఆ ఇంట్లో పాల లెక్క అలాగే పెడుతున్నారట. ఫోన్ పెట్టేశాక ఆ మిషన్ మెమరీలో ఉన్న మూలం లెక్క తెప్పించి చూశాను. రెండో క్యానువి ముప్పై ఎంట్రీలున్నాయి. పదిహేను రోజులు, రోజుకు రెండు పూటలు. ఒక్క గీత ఎక్కువ లేదు, ఒక్క గీత తక్కువ లేదు.

జరిగింది ఇదీ. ఆవిడకు ఇద్దరు కొడుకులు. పంపకాలయ్యాయి, పొయ్యిలు వేరయ్యాయి, ఆవులూ వేరయ్యాయి. పాల పుస్తకం మాత్రం అమ్మ పేరునే ఉంది. బిల్లు ఆమె ఖాతాలో పడితే ఆమె ఇద్దరికీ పంచుతుంది. పెద్దకొడుకు ఆరింటికి పాలు పోసిపోతాడు. చిన్నకోడలు ఆరున్నరకు తెస్తుంది. ఒకే నంబరు, ఒకే పూట, రెండు క్యాన్లు. మా పాత కోడ్‌లోని ఆ చిక్కుముడులన్నీ ఈ రెండో క్యానును కాపాడటానికే. అది రాసినతను మొదట్లో వారం రోజులు పల్లెలోనే ఉండి, పాల కేంద్రంలో అరుగు మీద కూర్చుని చూశాడని తర్వాత మా పాతవాళ్లు చెప్పారు. అతను చూసిందంతా ఆ నలభై లైన్లలోనే ఉండిపోయింది. దాన్ని నేను శుభ్రం చేయించేశాను.

ఆ ఒక్క కేంద్రంలోనే అలాంటి పుస్తకాలు పదకొండు తేలాయి. తేడా డబ్బు తర్వాతి బిల్లులో కలిపి ఇప్పించాం. కానీ ఆ పదిహేను రోజులు చిన్నకోడలి ఇంట్లో ఏం జరిగి ఉంటుందో, వాళ్ల పాల డబ్బు అత్త మింగేసిందని అనుకున్నారో ఏమో, అది నేను ఇప్పించలేను.

తప్పు ఎవరిదని నన్ను అడిగితే, నాది. ఏఐ నేనడిగిందే చేసింది. ఇక్కడే ఒకటి గమనించాలి. మా డేటాబేసులో ఆ పట్టిక పేరు "సభ్యులు". పల్లెలో ఎవరూ సభ్యురాలు అనరు. "మీది ఎన్నో పుస్తకం?" అంటారు. సభ్యురాలు అంటే ఒక మనిషి. పుస్తకం అంటే ఒక ఇల్లు, ఒక్కోసారి రెండిళ్లు. తొమ్మిదేళ్ల కిందట ఆఫీసులో కూర్చుని ఎవరో పెట్టిన పేరు అది. ఆ పేరు చూసి ఏఐ ఎవరైనా అనుకునేదే అనుకుంది, మనిషి పూటకు ఒకసారే పోస్తుందని. దాని 14 టెస్టులూ అదే ఊహ మీద రాసినవి, కాబట్టి అన్నీ పాసయ్యాయి. తప్పు ఊహను అదే ఊహతో ఎన్నిసార్లు పరీక్షించినా పాసే అవుతుంది.

ఈ కథ చెప్తే కొందరు వెంటనే కంపైలర్ సంగతి తెస్తారు. మనం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చిపెట్టే ప్రోగ్రాము అది. ఆ వాదన తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. 1950ల్లో ప్రోగ్రామర్లు యంత్రానికి దగ్గరి భాషలో, ఒక్కో ఆదేశం చేత్తో రాసేవాళ్లు. 1952లో గ్రేస్ హాపర్ తొలి కంపైలర్ చేసినప్పుడు, కంప్యూటర్ లెక్కలే చేస్తుంది గానీ ప్రోగ్రాములు ఎలా రాస్తుందని ఎవరూ నమ్మలేదు. 1957లో ఐబీఎమ్‌లో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెచ్చినప్పుడు, మనిషి చేత్తో రాసినంత వేగంగా నడిచే కోడ్ మిషన్ ఇస్తుందా అని అనుమానపడ్డారు. ఇచ్చింది. ఇవాళ కంపైలర్ ఇచ్చే యంత్రభాషను దాదాపు ఎవరూ చదవరు. రేపు ఏఐ ఇచ్చే కోడ్‌ను కూడా ఎవరూ చదవక్కర్లేదు, మనం తెలుగులో చెప్తే చాలు, అదే కొత్త ప్రోగ్రామింగ్ భాష అంటారు.

పోలిక సగం వరకూ నిలుస్తుంది. ఫోర్ట్రాన్‌లో రెండు అంకెలు కూడమని రాస్తే దానికి ఒక్కటే అర్థం. ఐబీఎమ్‌లో రాసినా, ఇస్రోలో రాసినా. భాష పుట్టినప్పుడే దాని అర్థం కట్టేసి పెట్టారు. అందుకే కంపైలర్‌ను కళ్లు మూసుకుని నమ్మొచ్చు. "డూప్లికేట్ తీసెయ్యి" అన్న మాటకు నా ఆఫీసులో ఒక అర్థం, ఆ పెద్దావిడ ఇంట్లో ఇంకో అర్థం. రెండింట్లో ఏది సరైనదో ఆ మాటలో ఉండదు. నా దగ్గరా లేదు. అది ఆరున్నరకు వచ్చే చిన్నకోడలి దగ్గరుంది.

"ముందే అడిగి ఉంటే చెప్పేదానివి కదా, కొత్త మోడళ్లు పని మొదలుపెట్టేముందు అడుగుతున్నాయి కూడా" అని మా టీములో ఒకబ్బాయి అన్నాడు. నిజమే, అడుగుతున్నాయి. కానీ నన్నే కదా అడుగుతుంది. "ఒకరు ఒకే పూట రెండుసార్లు పాలు పోస్తారా?" అని అడిగి ఉంటే, నేను ఏమాత్రం తడుముకోకుండా "పోయరు" అనేదాన్ని. తొమ్మిదేళ్లు పాల సాఫ్ట్‌వేర్ చేసి, అప్పటివరకూ ఒక్క తెల్లవారుజాము కూడా పాల కేంద్రంలో నిలబడలేదు నేను. ఏఐ నాకన్నా బాగా కోడ్ రాస్తుంది. ఆ కోడ్ చూసి "ఇది తప్పు" అనగలిగిన మనిషి మాత్రం ఆ రోజు మా ఆఫీసులో లేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆవిడ ఫోన్ చేసినప్పుడు నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "సిస్టమ్‌లో ఒకటే చూపిస్తోంది" అని. ఆ మాట ఎంత దూరం పోగలదో బ్రిటన్ చూపించింది. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి ఫుజిత్సు సంస్థ హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు. అందులో తప్పులుండేవి. ఊరి పోస్టాఫీసు నడుపుకునే వాళ్ల గల్లాలో లేని లోటు చూపించేది. "డబ్బు మేం తీయలేదు" అని వాళ్లు మొత్తుకున్నారు. సిస్టమ్ తప్పు చెప్పదన్నారు పెద్దలు. అలా పదిహేనేళ్లకు పైగా సాగింది. 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు లాంటి నేరాల కింద శిక్షలు పడ్డాయి. జైళ్లకు పోయారు, ఇళ్లు అమ్ముకున్నారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి ఆ శిక్షలను రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే తేవాల్సి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది మనుషులే. అప్పటికి ఈ ఏఐ లేదు. కాబట్టి మనిషి రాస్తే తప్పుండదని నేను అనడం లేదు. తప్పు ఎవరు రాసినా, తెర మీద అంకెకూ ఎదురుగా నిలబడ్డ మనిషికీ పొంతన కుదరనప్పుడు, కోడ్ విప్పి చూసి "తప్పు ఇక్కడుంది, ఈమె చెప్పేదే నిజం" అని ధైర్యంగా చెప్పే మనిషి ఒకరు లోపల ఉండాలి. ప్రోగ్రామర్ అవసరం నాకు అక్కడ కనిపిస్తుంది. వేగం పోటీలో ఎవరు గెలిచారన్నది దీని ముందు చిన్న విషయం.

నా అసలు భయం ఆ మనిషి ఎలా తయారవుతుందన్నది.

నేనెలా తయారయ్యాను? 2008లో మొదటి ఉద్యోగం, సపోర్ట్ ప్రాజెక్టు. రాత్రి షిఫ్టు. రాత్రిపూట లెక్కలన్నీ ఒకేసారి నడిపే బ్యాచ్ జాబ్ రెండింటికి ఆగిపోయేది. ఏం జరిగిందో మిషన్ రాసిపెట్టే లాగ్ ఫైళ్లు చదువుతూ కూర్చునేదాన్ని. ఎవరో ఏడేళ్ల కిందట రాసిన కోడ్‌లో ఎక్కడో ఒక తేదీ తప్పుగా తిరిగి ఉండేది. అది పట్టుకునేసరికి తెల్లారేది. ఆ రెండేళ్లూ "నేను చదివిందేంటి, చేస్తున్నదేంటి" అని హాస్టల్లో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు వెనక్కి చూస్తే నాకొచ్చిన విద్య అంతా ఆ రాత్రులదే. పాడైన కోడ్ చదివితేనే మంచి కోడ్ తెలుస్తుంది. ఎక్కడ తప్పుంటుందో ముందే ముక్కుకు తగలడం, ఈ అంకె ఇలా ఉండదే అని చెయ్యి ఆగడం, ఇవి పాఠంలో రావు. మన ఊళ్ల నుంచి హైదరాబాద్ వచ్చిన వేలమంది పిల్లలు ఇలాగే చిన్న చిన్న టికెట్లు, అంటే వచ్చిన ఫిర్యాదులు, సరిచేసి, ఒకరి తప్పులు ఒకరు దిద్ది, పదేళ్లకు పెద్ద పనులు చూసే స్థాయికి వచ్చారు. 2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పుతాయని భయపడిన వై2కె కాలంలో, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని విమానమెక్కిన తరం కూడా మొదట చేసింది రెండు అంకెల సంవత్సరాన్ని నాలుగు అంకెలు చేయడమే. విసుగు పుట్టించే పని అది. దాన్ని పట్టుకునే ఎక్కారు.

ఏఐ మొట్టమొదట తీసుకున్నది సరిగ్గా ఆ పనినే. చిన్న బగ్గులు, టెస్టులు, లాగ్ చదవడం, పాత కోడ్ సర్దడం. కంపెనీ లెక్కలో చూస్తే న్యాయమే. రోజంతా ఫ్రెషర్ చేసేది నిమిషాల్లో అవుతోంది. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతాన్ని, అంటే దాదాపు 12,000 మందిని తగ్గిస్తున్నామని ప్రకటించినప్పుడు, ఇది ఏఐ వల్ల కాదని ఆ సంస్థ అధిపతే చెప్పినా మా చుట్టాల్లో ఒక్కరూ నమ్మలేదు. అందరూ చూసింది ఉన్న ఉద్యోగాలు పోవడాన్ని. నాకు కనిపిస్తున్నది మాత్రం రావాల్సిన వాళ్లు రాకుండా పోవడం. మెట్లన్నీ ఉండి, కింది రెండు మెట్లు తీసేస్తే పైన ఉన్నవాళ్లకు వెంటనే ఏమీ కాదు. పదేళ్ల తర్వాత పైకి చూస్తే అక్కడ ఎవరూ ఉండరు, అంతే.

ఇందులో నా పాత్ర కూడా ఉంది. పాల సంగతి జరగడానికి ఆరు నెలల ముందు మా కంపెనీలో ఫ్రెషర్‌ను తీసుకోవాలా వద్దా అని కూర్చుని మాట్లాడుకున్నాం. వద్దని గట్టిగా వాదించింది నేనే. "నేర్పడానికి పట్టే టైములో ఏఐతో నేనే చేసేస్తాను" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సీట్లో ఒక కొత్తమ్మాయి ఉండి ఉంటే ఆ నలభై లైన్లు చూసి "ఇదెందుకిలా ఉంది మేడం?" అని అడిగేది. నాకు తెలియదు కాబట్టి ఎవరినో అడగాల్సి వచ్చేది. తెలియనివాళ్లు అడిగే ప్రశ్నల వల్లే తెలిసినవాళ్లకు తమకు తెలియనిది బయటపడుతుంది. ఏఐ ఆ చిక్కుముడి చూసి నన్ను నిలదీయలేదు. మర్యాదగా విప్పేసింది.

ఏఐ రేపు ఇది కూడా నేర్చుకుంటుందా? నేర్చుకోవచ్చు. పాత కోడ్‌లో అర్థంకాని మినహాయింపు కనిపిస్తే ఆగి, దీని వెనక ఎవరిదో బతుకుండొచ్చు అని హెచ్చరించే మోడల్ వచ్చినా నేను ఆశ్చర్యపోను, సంతోషిస్తాను. "మనిషికి మాత్రమే వచ్చు" అని గీసిన ప్రతి గీతనూ అది దాటుతూనే ఉంది కాబట్టి, ఇంకో గీత గీసి దాని వెనక నిలబడే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ హెచ్చరిక చదివి, బస్సెక్కి పోయి, కనుక్కుని, "ఇలాగే ఉండాలి" అని సంతకం పెట్టేది ఎవరు? తప్పైతే ఆ పెద్దావిడ ఎవరికి ఫోన్ చేస్తుంది? అవతల ఎత్తేవాళ్లకు కోడ్ రాకపోతే, వాళ్లు కూడా "సిస్టమ్‌లో ఒకటే చూపిస్తోంది" అనడం తప్ప ఏం చేయగలరు?

కాబట్టి పిన్నీ, నీ ప్రశ్నకు నా బదులు ఇది. పిల్లకు ఇష్టముంటేనే చేర్చు. ప్యాకేజీ చూసి చేర్చే రోజులు అయిపోయాయి, ఆ మాట నీకు నేను కాక ఇంకెవరు చెప్తారు? ఒక ఎర్రర్ పట్టుకుని పూట భోజనం మర్చిపోయే పిల్లయితే చేర్చు. మొదటి రెండేళ్లు ఏఐ లేకుండా తన చేత్తో తనే రాయమను. తప్పులు చేయనీ, రాత్రిళ్లు కూర్చోనీ. తర్వాత ఏఐని పక్కన పెట్టుకుని ఎంత వేగంగా పోయినా భయం లేదు. అసైన్‌మెంట్లన్నీ దానితోనే రాయించి, డిగ్రీ పట్టుకుని వస్తే మాత్రం దానికన్నా బాగా చేయనూ లేదు, అది చేసింది తప్పని పట్టుకోనూ లేదు. కాలేజీల వాళ్లతో కూడా నా గొడవ ఇదే. ఏఐ కోర్సులని కొత్త బోర్డులు పెడుతున్నారు గానీ, పాత కోడ్ ముందు పెట్టి "ఇదేం చేస్తోందో చెప్పు" అని కూర్చోబెట్టే క్లాసు ఒక్కటీ నేను చూడలేదు.

జనవరిలో మేం ఒక ఫ్రెషర్‌ను తీసుకున్నాం. మదనపల్లె దగ్గరి అమ్మాయి. చేరిన మొదటి వారమే ల్యాప్‌టాప్ ఇవ్వకుండా నాతో పాటు ఆ కేంద్రానికి తీసుకెళ్లాను. ఐదింటికల్లా చలిలో అరుగు మీద కూర్చున్నాం. కాటా, మిషన్, చీటీ, అన్నీ చూసింది. ఆరింటికి పెద్దకొడుకు వచ్చిపోయాడు. ఆరున్నరకు చిన్నకోడలు క్యాను దించింది. "వెన్న ఎంత పడింది?" అని అడిగి, చీటీ కొంగున ముడేసుకుని పోయింది. తర్వాత పెద్దావిడ ఇంటికి వెళ్లాం. గోడ మీద గీతలు ఇంకా ఉన్నాయి, పండక్కి కూడా సున్నం వేయలేదట. "మళ్లా అవసరం పడొచ్చని ఉంచినా" అంది. ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను.

తిరిగొచ్చాక ఆ కోడ్ ఆ అమ్మాయికే ఇచ్చాను. ఏఐతోనే రాసుకుంది, నేను వద్దనలేదు. ముందు పట్టిక పేరు "పుస్తకాలు" అని మార్చింది. ప్రతి పుస్తకం కింద ఎంతమంది పోస్తారో నమోదు చేసే చోటు పెట్టింది. నెట్ పోయి మళ్లీ వచ్చిన ఎంట్రీని గుర్తుపట్టడానికి మిషన్ ఇచ్చే వరస సంఖ్యను వాడింది. పాత నలభై లైన్లకు ఒక్కో దానికీ ఎందుకో తెలుగులో రాసి పెట్టింది. నిన్న సాయంత్రం అంతా చూపించి, లేవబోతూ ఆగింది.

"మేడం, ఆవిడ పోయాక ఆ పుస్తకం ఎవరి పేరుకు మారుతుంది? అన్నదమ్ములిద్దరూ అడిగితే పాత బకాయి ఎవరి ఖాతాలో వేయాలి?"

తొమ్మిదేళ్లలో ఈ ప్రశ్న మా ఆఫీసులో ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు. రేపు పొద్దున కేంద్రం తెరిచే వేళకు ఫోన్ చేయాలి.